బారోయి, ఈటన్, 1794: ట్రంకుపెట్టెలో దొరికిన ‘ఏజ్ ఆఫ్ రీజన్’ తొలి ముద్రణేనా?

పాత పుస్తకాల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు. ఈసారి అన్నీ విశాఖ నుంచే.

ప్రశ్న: మా అత్తగారి ట్రంకుపెట్టె అడుగున ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట లేదు. మొదటి పేజీలో ‘ది ఏజ్ ఆఫ్ రీజన్’ అని, థామస్ పెయిన్ అని, కింద పారిస్, బారోయి, లండన్, ఈటన్ అని ఉంది. సంవత్సరం రోమన్ అంకెల్లో ఉంటే మా అబ్బాయి లెక్కకట్టి 1794 అన్నాడు. దాని వెనకే అదే దారంతో కుట్టిన ఇంకో పుస్తకం ఉంది, ఎవరో బిషప్ రాసింది. ఇది మొదటి ముద్రణేనా? ఎంత పలుకుతుంది? ఇంట్లోవాళ్ళేమో ‘దేవుణ్ణి తిట్టిన పుస్తకం, మనకెందుకు, ఇచ్చెయ్’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: ముందు మీ ఇంట్లోవాళ్ళ మాట తేల్చేద్దామమ్మా. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు విప్లవ రచయిత పెయిన్ నాస్తికుడు కాడు. ఒకే దేవుణ్ణి నమ్ముతానని పుస్తకం మొదట్లోనే రాసుకున్నాడు. ఆయన పేచీ దేవుడితో కాదు. బైబిలు దైవవాక్కన్న మాటతోనూ, మతం పేరిట పెత్తనం చేసే చర్చిలతోనూ. ఇచ్చెయ్యకండి.

ఇక ముద్రణ సంగతి. ఈ పుస్తకం మూడు విడతల్లో వచ్చింది, తేదీ పట్టుకోవడానికి మొదటి కొస అదే. మొదటి భాగం 1793లో పారిస్‌లో రాశాడు. రాయడం ముగించి ఆరు గంటలైనా కాకముందే, డిసెంబరు 28 తెల్లవారుజామున, విప్లవ ప్రభుత్వం మనుషులు వచ్చి పట్టుకుపోయారు. జైలుకు పోతూ దారిలో రాతప్రతిని జోయెల్ బార్లో అనే అమెరికన్ మిత్రుడి చేతిలో పెట్టాడు. 1794లో అచ్చయింది ఆ భాగం ఒక్కటే. రెండో భాగం ఆయన జైలు నుంచి బయటపడ్డాక రాసింది, 1795లో వచ్చింది. కొత్త నిబంధన మీద మరో వ్యాసం 1807లో న్యూయార్క్‌లో వెలువడితే, దాన్ని లండన్‌లో మూడో భాగంగా అమ్మారు. కాబట్టి మీ పుస్తకంలో పేజీల అంకెలు ఆగకుండా రెండో భాగంలోకి నడిచాయంటే, ముఖపత్రం మీద ఏ సంవత్సరమున్నా అది 1794 ప్రతి కాదు. ముందు చివరి పేజీ తిప్పి చూడండి. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

వెనక కుట్టిన బిషప్ పుస్తకం బహుశా లాండాఫ్ బిషప్ రిచర్డ్ వాట్సన్ 1796లో రాసిన ‘యాన్ అపాలజీ ఫర్ ది బైబిల్’ అయివుంటుంది. ఇక్కడ అపాలజీ అంటే క్షమాపణ కాదు, సమర్థన. అది పెయిన్ రెండో భాగానికి జవాబు. మొదటి భాగం పక్కన దాన్ని చేర్చి కుట్టించింది 1796 తర్వాత, పుస్తకం కొన్న మనిషే. ఆ రోజుల్లో ఇలాంటి చిన్న పుస్తకాలు గట్టి అట్ట లేకుండా, వీపు పక్కన రెండు మూడు బెజ్జాలు పొడిచి దారం లాగి అమ్మేవారు. కొన్నవాళ్ళు నాలుగైదు పోగయ్యాక కలిపి కుట్టించుకునేవారు. మీ పుస్తకంలో ఇప్పుడున్న కుట్టుకు పక్కనే ఖాళీ బెజ్జాలు కనిపిస్తే అవి మొదటి కుట్టువి. వాటిని పూడ్చవద్దు, ఆ దారం తెంపి రెండింటినీ విడదీయవద్దు. తిట్టూ జవాబూ ఒకే దారంలో ఉండడమే ఈ ప్రతికి అందం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు విశాఖలో దిగింది మొదలు ఈ ఊళ్ళో మిషనరీల రాకపోకలు ఉన్నాయి. వాదానికి దిగేవాడు ఎదుటివాడి పుస్తకం కూడా దగ్గర పెట్టుకుంటాడు కదా.

ముఖపత్రం కింది వరసలను నమ్మడంలో జాగ్రత్త ఉండాలి. పారిస్‌లో బారోయి వేసిన ఇంగ్లీషు ప్రతి ఒకటి. అదే ఏడాది లండన్‌లో న్యూగేట్ వీధి 74వ నంబరులో డేనియల్ ఐజాక్ ఈటన్ దుకాణం నుంచి వచ్చింది ఇంకొకటి. న్యూయార్క్‌లో స్వోర్డ్స్ అచ్చుశాల జె. ఫెలోస్ కోసం వేసిందీ 1794దే. రెండు ఊళ్ళ పేర్లు ఒకే పేజీలో ఉన్నాయని పారిస్ ప్రతి అనుకోవద్దు, ఈటన్ పేరు ఉంటే అది లండన్‌లో అమ్మింది. పైగా అమ్మినవాణ్ణి జైల్లో పెట్టే పుస్తకం ఇది. 1797లో థామస్ విలియమ్స్ అనే పుస్తకాలవాడు విచారణలో దోషిగా తేలాడు, తర్వాత ఏడాది కఠిన శిక్ష పడింది. తమాషా ఏమిటంటే, అంతకు అయిదేళ్ళ ముందు పెయిన్ ఇంకో పుస్తకం మీద కేసు నడిస్తే ఆయన తరఫున వాదించిన థామస్ ఎర్‌స్కిన్ ఈసారి విలియమ్స్ మీద కేసు పెట్టినవాళ్ళ పక్షం వాదించాడు. ఈటన్‌కు మూడో భాగం వేసినందుకు 1812లో పద్దెనిమిది నెలల జైలు, నడివీధి బొండకొయ్య. నిషేధం తగిలిన పుస్తకానికి ముఖపత్రం మీద ఊరూ పేరూ సంవత్సరమూ నిజం చెప్పాలన్న నియమం లేదు. అందుకే చదివేది ముఖపత్రం, నమ్మేది కాగితం.

కాగితం ఇలా చూడండి. పొద్దున కిటికీ దగ్గర నిలబడి ఒక్క ఆకును, వీపు చీలకుండా, వెలుతురుకు ఎదురుగా పట్టండి. చేత్తో తీసిన పాతకాలపు కాగితమైతే దగ్గర దగ్గరగా సన్నని గీతలు, వాటికి అడ్డంగా రమారమి రెండున్నర సెంటీమీటర్లకొకటి చొప్పున స్పష్టమైన గీతలు కనిపిస్తాయి. ఈ దూరపు గీతలు నిలువుగా ఉంటే, కాగితాన్ని మూడుసార్లు మడిచి ఎనిమిది ఆకులు చేసిన కొలత. నీటి గుర్తు (వాటర్‌మార్క్) ఉంటే వీపు వైపు పైమూలలో సగం నలిగి కనిపిస్తుంది. అడ్డంగా ఉంటే మడత వేరు, పుస్తకం వేరు. అసలు గీతలే లేకుండా నున్నగా ఉన్నంత మాత్రాన కొట్టిపారేయకూడదు. గీతలు లేని కాగితం ఇంగ్లండులో 1750ల నుంచే ఉంది. నీటి గుర్తులో సంవత్సరం దొరికితే మీ పంట పండినట్టే. 1794 నుంచి ఇంగ్లీషు కాగితాల మీద తయారైన ఏడాది వేయడం ఎక్కువైంది. ముఖపత్రం 1794 అని, కాగితం 1818 అని చెబితే కాగితం మాటే చెల్లుతుంది.

గుడ్డపేలికల కాగితం రెండు వందల ఏళ్ళు దాటినా మెత్తగా, తెల్లగా ఉంటుంది. తుప్పు రంగు మచ్చలు పడొచ్చు గాని, వంచితే విరగదు. మీ పుస్తకం మూల పట్టుకుంటే పాత దినపత్రికలా పెళుసుగా విరుగుతోందా? అయితే అది కొయ్యగుజ్జు కాగితం, అంటే పంతొమ్మిదో శతాబ్ది రెండో సగానికి ఇవతలిది. లండన్ ప్రచురణ సంస్థ వాట్స్ అండ్ కంపెనీ చవకగా వేసిన ప్రతులు మన దేశంలో ఎక్కువగా ఇలాగే దొరుకుతాయి. గుడ్డ అట్ట, దాని మీద బంగారు అక్షరాలు కూడా 1820ల తర్వాతి వేషమే. ఆ అట్ట లోపల పాత కాగితం ఉండొచ్చు, కాబట్టి అట్టను చూసి సంతోషపడనూ వద్దు, నిరాశపడనూ వద్దు.

తర్వాత అక్షరాలు. 1794 నాటి అచ్చులో మాట మొదట్లో, మధ్యలో వచ్చే ఎస్ పొడుగ్గా, ఎఫ్‌లా ఉంటుంది. ‘రీజన్’ అన్నది పాఠంలో ‘రీఫన్’ అని చదువుకోవాల్సి వస్తుంది. 1800 దాటాక లండన్ అచ్చుశాలలు దాన్ని వదిలేశాయి. పెద్దక్షరాల్లో ఈ తేడా ఉండదు గనక ముఖపత్రం మీద వెతక్కండి.

అసలు పరీక్ష ఇంకొకటుంది. కొన్ని పేజీల అడుగున ఒంటరిగా బి, సి, డి అని అక్షరాలు కనిపిస్తాయి. మన ప్రెస్సువాళ్ళ భాషలో చెప్పాలంటే ఫారం (అచ్చువేసి మడిచిన ఒక్కో కాగితం) గుర్తులు, బైండరు వరస తప్పకుండా వేసినవి. ఆ వరసలో జె, డబ్ల్యూ ఉండవు, యు, వి ల్లో ఒక్కటే ఉంటుంది. లోపమనుకోకండి, అప్పటి అలవాటు. ఈ ఒంటరి అక్షరం సరిగ్గా పై వరసలోని ఏ మాట, ఏ అక్షరం కింద నిలబడిందో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. నాలుగైదు ఫారాలకు రాసుకున్నాక, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో హాతీట్రస్ట్‌లోనో ఏదైనా గ్రంథాలయం పెట్టిన 1794 ఈటన్ ప్రతి స్కాను తీసి పక్కన పెట్టుకు చూడండి. పాఠాన్ని పేజీకి పేజీ, వరసకు వరస కాపీ కొట్టి మళ్ళీ కంపోజు చేయొచ్చు. ఆ గుర్తు మాత్రం ఒక వెంట్రుకవాసి అటో ఇటో జరగకుండా ఉండదు. నాలుగూ కుదిరితే అదే కంపోజింగు. నాలుగింటిలో మూడు తప్పితే వేరే ముద్రణ. ఒకటి మాత్రమే తప్పితే ఆ ఫారం మధ్యలో సవరించి ఉండొచ్చు, ఆ ఫారం ఒక్కటీ మళ్ళీ చూడండి. స్కాను ఎంచుకునేటప్పుడు 1800 దాకా వచ్చిన ఇంగ్లీషు ముద్రణల పట్టిక ‘ఇంగ్లిష్ షార్ట్ టైటిల్ కేటలాగ్’ లో మీ ముఖపత్రం మాటలు పొల్లుపోకుండా వెతికితే ఎన్ని రకాల 1794 ప్రతులున్నాయో తెలుస్తుంది.

మన దేశంలో దొరికిన ప్రతికి ఇంకో దారి కూడా గుర్తుంచుకోవాలి. 1830ల కలకత్తా గురించి అలెగ్జాండర్ డఫ్ అనే మిషనరీ రాసిపెట్టాడు: అమెరికా నుంచి ఈ పుస్తకం వెయ్యి ప్రతులు ఓడలో దిగాయి, మొదట రూపాయికి అమ్మినవాడు కాలేజీ కుర్రాళ్ళ గిరాకీ చూసి అయిదు రూపాయలు చేశాడు అని. ఇంకా లండన్ ప్రచురణకర్త రిచర్డ్ కార్లైల్ వేసిన ప్రతులున్నాయి. ఫ్లీట్ వీధి, కార్లైల్ అని ఉంటే అది 1818, ఆ పైది. దాన్ని అచ్చువేసినందుకు 1819లో విచారణ జరిగినప్పుడు ఆయన పుస్తకం మొత్తం కోర్టులో చదివేశాడు. కోర్టులో చదివింది విచారణ నివేదికగా అచ్చువేసుకోవచ్చన్నది ఎత్తు. కాబట్టి మధ్యలో జడ్జీ, జ్యూరీ అన్న మాటలు కనిపిస్తే మీ చేతిలో ఉన్నది ఆ నివేదిక. అదీ తీసిపారేయదగ్గది కాదు.

ధర ఫోటో చూసి చెప్పేది కాదు. ముఖపత్రం ముందు పేరు మాత్రమే ఉన్న ఆకు, చివర అమ్మకందారు ప్రకటనల ఆకు ఉన్నాయా, అంచులు కోశారా, పాత యజమాని సంతకం ఉందా అన్న వాటిని బట్టి ఒకే ముద్రణ ప్రతుల మధ్య కూడా ఎన్నో రెట్ల తేడా వస్తుంది. ఇంటికి వచ్చి కిలో లెక్కన కాకుండా ‘పుస్తకం లెక్కన’ కొంటానన్నవాడికి మాత్రం ఈ పరీక్షలు పూర్తయ్యేదాకా ఇవ్వకండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో అడిగితే పాత ముద్రణల పట్టికలు వెతకడంలో చెయ్యి అందించేవాళ్ళు దొరకొచ్చు. విదేశానికి అమ్మాలనుకుంటే మాత్రం ముందు భారత పురావస్తు సర్వేను సంప్రదించండి. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న 75 ఏళ్ళు దాటిన రాతప్రతులూ పత్రాలూ 1972 పురావస్తువుల చట్టం కింద వస్తాయి. మీ ప్రతి ఆ లెక్కలోకి వస్తుందో రాదో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే పార్సిలు కట్టాలి.

ప్రశ్న: మా దగ్గరున్న పాత పుస్తకానికి ఆకులు ఊడుతున్నాయి. తెలిసిన బైండరు రెక్సిన్ అట్ట వేసి, అంచులు సమంగా కోసి కొత్తదానిలా చేస్తానంటున్నాడు. చేయించమంటారా?
– మహారాణిపేట

జవాబు: వద్దు. ఆయన పనిమంతుడే అయివుంటాడు, కాని ఆయన పని రిజిస్టర్లకు, థీసిస్‌లకు పనికొచ్చేది. కటింగ్ మిషన్‌లో పెడితే మూడు వైపులా రెండు మూడు మిల్లీమీటర్లు పోతాయి. ఆ పోయే ముక్కలోనే మార్జిను రాతలూ, కోయని కాగితపు గరుకు అంచూ ఉంటాయి. ఊడిన ఆకులు నిలవడానికి వీపు పక్కన బలంగా అడ్డకుట్టు వేస్తే పుస్తకం ఇక పూర్తిగా తెరుచుకోదు. బలవంతాన తెరిస్తే కుట్టు వరస వెంట కాగితం చిరుగుతుంది.

అన్నిటికంటే చెడ్డది జిగురు. మన బైండర్లు మైదాగంజి కాచి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపడం పాత అలవాటు. మైదాలోని జిగట పదార్థం పురుగుకు విందు. దాన్ని ఆపడానికి వేసే మైలుతుత్తంలో రాగి ఉంటుంది, అది తేమతో కలిసి కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి పొడి చేస్తుంది. పాత బైండింగుల్లో వీపు పక్క సరిగ్గా గంజి పారిన మేరకే కాగితం విరగడం మీరూ చూసే ఉంటారు. ఫెవికాల్ అయితే పురుగు రాదు, కాని తర్వాత ఎవరూ దాన్ని నీటితో విప్పలేరు.

చిరిగిన ఆకు అతకక తప్పదంటే గోధుమ గంజిపొడి, అంటే జిగట తీసేసిన స్టార్చి వాడాలి. ఒక వంతు పొడికి అయిదు వంతుల శుభ్రమైన నీళ్ళు పోసి అరగంట నానబెట్టండి. సన్నని సెగ మీద ఆపకుండా కలుపుతూ 20 నుంచి 30 నిమిషాలు కాయండి. తెల్లని పాలలా ఉన్నది పలచని గాజులా మారితే ఉడికినట్టు. చల్లారాక పలచని గుడ్డలో రెండుసార్లు వడకట్టి, బ్రష్షుకు అంటేంత పలచన చేసి, చేత్తో చింపిన జపాన్ టిష్యూ కాగితపు పీలికతో అతికించండి. కత్తెరతో కోసిన అంచు కన్నా చింపిన అంచు నారలు బాగా పట్టుకుంటాయి. పైనా కిందా అంటుకోని పాలియెస్టర్ గుడ్డ, ఆపైన బ్లాటింగ్ కాగితం, గాజుపలక, చిన్న బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. గంజి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులే నిలవుంటుంది, పులిసిన వాసన వస్తే పారబోయండి. ముందు పనికిమాలిన పుస్తకం మీద పదిసార్లు చేసి చూసుకోవాలి. సెలోటేపు మాత్రం కలలో కూడా తలవకండి. దాని జిగురు పసుపుపచ్చగా మారి కాగితంలోకి దిగిపోతుంది, ప్లాస్టిక్ రాలిపోయినా మరక పోదు. లామినేషన్ కూడా అంతే.

నిజంగా విలువైన ప్రతి అనుకుంటే ఏమీ చేయకుండా, ఆమ్లం లేని మందపు కాగితాన్ని కూడిక గుర్తు ఆకారంలో కోసి నాలుగు రెక్కలు మడిచి అందులో పెట్టి, నూలు నాడాతో కట్టండి. రబ్బరు బ్యాండు వద్దు, మన ఉక్కకు ఏడాదిలో కరిగి అతుక్కుంటుంది. మరమ్మతు తప్పదంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం సంరక్షణ విభాగాన్ని గాని, వారసత్వ సంరక్షణ సంస్థ ఇంటాక్ వాళ్ళను గాని సలహా అడగండి.

ప్రశ్న: సముద్రానికి ఎదురుగా ఫ్లాటు. పుస్తకాలకు బూజు, ముక్కవాసన, ఆకుల మధ్య సన్నని వెండి రంగు పురుగులు. కలరా ఉండలు వేశాం, వేపాకు పెట్టాం, రాత్రిళ్ళు ఏసీ వేస్తున్నాం. ఇంకా ఏం చేయాలి?
– లాసన్స్ బే కాలనీ

జవాబు: చేస్తున్నవాటిలో కొన్ని మానాలి. తెరిచి మూసే అలమరలో కలరా ఉండల వాసన పురుగును చంపుతుందన్న భరోసా లేదు, మీ ఊపిరితిత్తులకు మాత్రం మంచిది కాదు. పచ్చి వేపాకు ఆకుల మధ్య పెడితే తేమ ఇచ్చి పచ్చమరక వదులుతుంది. ఎండినది అలమర మూలల్లో ఉంచితే హాని లేదు, అంతకు మించి భరోసా కూడా లేదు.

రాత్రిపూట ఏసీయే అసలు చిక్కు. రాత్రి 24 డిగ్రీల పొడిగాలి, పొద్దున ఆపి కిటికీ తీస్తే సముద్రపు తడిగాలి. చల్లబడిన అట్ట మీద ఆ తేమ నేరుగా పేరుకుంటుంది. రోజుకోసారి ఉబ్బి ముడుచుకునే కాగితం, ఒకే తీరుగా తేమగా ఉన్న కాగితం కన్నా తొందరగా పాడవుతుంది. ఏసీ రోజంతా వేయలేకపోతే పుస్తకాలను పడగ్గదిలోంచి, రోజంతా ఒకేలా ఉండే లోపలి గదిలోకి మార్చండి. సముద్రం వైపు గోడకూ, స్నానాలగది గోడకూ ఆనించవద్దు, గోడకూ అలమరకూ మధ్య జానెడు కాకపోయినా బెత్తెడు ఖాళీ ఉండాలి. ఇనప బీరువా ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, ఆ తుప్పు అట్టలకు దిగుతుంది. అరల మీద మందపాటి తెల్ల కాగితం పరచండి.

గోడకు తగిలించే చిన్న తేమ కొలమానం కొని పుస్తకాల మధ్య పెట్టండి. తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు పుడుతుంది. 45 నుంచి 55 మధ్య ఉంటే హాయి. విశాఖలో మొత్తం గదిని ఆ లెక్కకు తేవడం ఖర్చుతో కూడిన పని. విలువైన నాలుగు పుస్తకాలకు మాత్రం రబ్బరు అంచు మూతగల పాలిప్రొపిలీన్ డబ్బా చాలు. పీవీసీ వద్దు, దాని ఆవిరి కాగితాన్ని తింటుంది. పది లీటర్ల డబ్బాకు 100 గ్రాముల సిలికా జెల్ గుడ్డసంచిలో కట్టి, పుస్తకానికి తగలకుండా పెట్టి, కొలమానం కూడా లోపలే ఉంచండి. 40 కన్నా దిగితే జెల్ కొంత తీసేయండి. మరీ పొడారితే తోలు అట్టలు బిరుసెక్కి పగులుతాయి. రంగు మారిన జెల్‌ను ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తుంది. తడి పుస్తకాన్ని మాత్రం అలాంటి డబ్బాలో మూసారంటే బూజును పెంచుతున్నట్టే.

ఉన్న బూజు ముందు ఆరాలి. నీడలో, ఫ్యాను గాలి పక్క నుంచి పోయేలా రెండు మూడు రోజులు నిలబెట్టండి. ఎండ వద్దు. బూజు మెత్తగా కాక పొడిగా రాలే స్థితికి వచ్చాక, ఎన్95 మాస్కు కట్టుకుని వరండాలో, మేకవెంట్రుకల మెత్తని బ్రష్షుతో వీపు నుంచి బయటికి తుడవండి. తడిగా ఉండగా తుడిస్తే కాగితంలోకి రుద్దుకుపోతుంది.

వెండి రంగు పురుగుకు ఫ్రీజరు మందు. పుస్తకాన్ని జిప్ కవరులో పెట్టి గాలి నొక్కి తీసేసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే తెరవడమే అందరూ చేసే తప్పు. ఒక రోజంతా మూసే ఉంచితే నీళ్ళు కవరు బయటే పేరుకుంటాయి, తెరిస్తే పుస్తకం మీద పేరుకుంటాయి. పురుగులు పోయినా తేమ తగ్గకపోతే మళ్ళీ వస్తాయి. చెదలైతే ఇది చాలదు, గోడకు మందు కొట్టించాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటిలా నీళ్ళు ఇంట్లోకి వచ్చి పుస్తకాలు తడిస్తే మీ చేతిలో ఉన్నది 48 గంటలు, ఆ తర్వాత బూజు. ముద్దగా తడిసిన పుస్తకాన్ని తెరవకండి, ఆకులు విడదీయకండి. తడి తక్కువైతే అచ్చులేని న్యూస్‌ప్రింటు కాగితం పాతిక ఆకులకొకటి పెట్టి, గంటకోసారి మారుస్తూ ఫ్యాను గాలికి ఆరబెట్టండి. అచ్చయిన పేపరు వాడితే దాని సిరా మీ పుస్తకానికి దిగుతుంది. ముద్దగా తడిసినవీ, నున్నటి ఆర్టు కాగితం ఉన్నవీ విడివిడిగా చుట్టి వెంటనే ఫ్రీజరులో పెట్టండి, కరెంటు ఉన్న చోట. గడువు ఆగిపోతుంది, ఒక్కొక్కటే తీసి నిదానంగా ఆరబెట్టుకోవచ్చు.

ప్రశ్న: మతాన్ని విమర్శించే పాత పుస్తకం ఇంట్లో ఉంచుకోవడం, స్కాను చేసి పెట్టడం నేరమా?
– విద్యార్థి, ద్వారకానగర్

జవాబు: ఉంచుకోవడం, చదవడం నేరం కాదు. పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 295ఎ సెక్షను 1927లో వచ్చింది, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 299 ఉంది. ఒక వర్గం మత భావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో రెచ్చగొట్టేలా అవమానించడం అందులోని నేరం, మూడేళ్ళ దాకా శిక్ష. ‘ఉద్దేశపూర్వకం, దురుద్దేశం’ అన్న రెండు మాటలూ కలిసి ఉండాలి. ఇది కాక ప్రభుత్వం ఫలానా పుస్తకాన్ని పేరుతో సహా ప్రకటించి జప్తు చేయవచ్చు. అలాంటి ప్రకటన ఉందా లేదా చూసుకోవడం వేరే పని. పెయిన్ 1809లోనే పోయాడు గనక కాపీహక్కు లేదు. మొత్తం స్కాను చేసి పెట్టొచ్చు. కోపం వచ్చే ఒక్క వాక్యం తెంపి, పక్కన బొమ్మ తగిలించి పంచడం మాత్రం స్కాను చేయడం కాదు, పేచీ కొనుక్కోవడం.

స్కానరు మూత కింద పుస్తకాన్ని నొక్కకండి, వీపు విరుగుతుంది. 90 డిగ్రీలకు మించి తెరవకుండా రెండు దిళ్ళ మధ్య పెట్టి, ఫోను స్టాండుకు తగిలించి పైనుంచి తీయండి. ముందు ఎడమ పేజీలన్నీ, తర్వాత కుడి పేజీలన్నీ తీస్తే కోణం మారదు. ఖాళీ ఆకులు కూడా తీయండి.

ప్రశ్న: ఒక తెలుగు హేతువాద పుస్తకం, ముఖపత్రం మీద ‘ధాత’ అని, వెల 0–8–0 అని ఉంది, సంవత్సరం లేదు. ఎప్పటిది?
– గాజువాక

జవాబు: ధాత అరవై ఏళ్ళకోసారి వస్తుంది: 1876, 1936, 1996, ఉగాది నుంచి ఉగాది దాకా. 0–8–0 అంటే ఎనిమిది అణాలు. అణాలు 1957 ఏప్రిల్ 1తో పోయాయి కనక 1996 కొట్టేయండి. హేతువాదం, వాడుకభాష ఉంటే 1876 కూడా కుదరదు. మిగిలింది 1936. ‘నయాపైసలు’ అని ఉంటే 1957 – 64 మధ్యది. అప్పట్లో అమల్లో ఉన్న 1867 ముద్రణల చట్టం ప్రకారం అచ్చుశాల పేరూ ఊరూ వేయాల్సి ఉండేది, అది వెనక అట్ట లోపలో చివరి పేజీ అడుగునో చిన్నక్షరాల్లో ఉంటుంది, చూడండి. తొలి ముద్రణకు ఇంకో మంచి సాక్ష్యం తప్పొప్పుల పట్టిక. పట్టికలోని తప్పులు పుస్తకం లోపల అలాగే ఉంటే మొదటి ముద్రణ కావడానికే ఎక్కువ అవకాశం. పట్టిక ఉండి లోపల తప్పులు దిద్ది ఉంటే, ఎవరో పాత పట్టికను అలవాటుగా మళ్ళీ అచ్చువేశారన్నమాట.

ప్రశ్న: పాత పుస్తకం మార్జిన్లలో ఎవరో పెన్సిలుతో ‘అబద్ధం’, ‘నిజమే’ అని రాశారు. రబ్బరుతో చెరిపితే విలువ పెరుగుతుందా?
– భీమిలి

జవాబు: తగ్గుతుంది. వివాదాస్పదమైన పుస్తకాన్ని ఆనాటి తెలుగు పాఠకుడు ఎక్కడ ఒప్పుకున్నాడో, ఎక్కడ అడ్డం తిరిగాడో చెప్పే సాక్ష్యం ఆ ఒక్క ప్రతిలోనే ఉంది. రబ్బరు గీతనూ తీస్తుంది, కాగితం పైపొరనూ తీస్తుంది. అక్కడ మళ్ళీ దుమ్ము పట్టి నల్లబడుతుంది. ఏ పేజీలో ఏ మాట ఉందో ఒక కాగితం మీద విడిగా రాయండి, పెన్నుతో కాదు, పెన్సిలుతోనే. ఆ కాగితాన్ని పుస్తకం లోపల పెట్టకుండా, చుట్టిన కవరులో ఉంచండి.